మిలట్రీ మస్తాన్ గారి క్యారెట్ మడి

మొన్న ఆదివారం పొద్దున ఒంగోలు రైతుబజారులో ఒకామె గోనెసంచి విప్పి, ఆకులతో ఉన్న క్యారెట్లను నేల మీద పరిచింది. మామూలుగా మాకు దొరికేవాటికి ఆకులుండవు. ఎక్కడినుంచో లారీల్లో వచ్చి, కడిగి తుడిచినట్టు, అన్నీ ఒకే పొడవున ఉంటాయి. ఇవి అలా లేవు. ఒకటి లావు, ఒకటి సన్నం, సన్నటి పీచువేళ్ళకు ఇంకా తడిమట్టి అంటుకునే ఉంది. నేను ధర అడిగేలోపే ఆమె ఒక కట్ట చేతిలోకి తీసుకుని ఆకులు మెలితిప్పి తెంపింది. తెంపిన చోటినుంచి ఒక వాసన వచ్చింది. కొత్తిమీరకు దగ్గరి వాసనే, కానీ దానికంటే ఘాటు, కాస్త వగరు. "ఎన్ని కేజీలమ్మా?" అని ఆమె రెండుసార్లు అడిగిందట. నాకు వినపడలేదు. దర్శి దగ్గర ఒక పల్లెలో, నడుమెత్తు మట్టిగోడ పక్కన, ఇరవై నాలుగేళ్ళ వయసులో నిలబడి ఉన్నాను. గోడ అవతల మస్తాన్ గారు మోకాళ్ళ మీద కూర్చుని మడిలో ఏదో వెతుకుతున్నారు.

మస్తాన్ వలి గారిని ఆ ఊరు దాటి ఎవరూ ఎరగరు. ఊళ్ళో ఆయన్ని మిలట్రీ మస్తాన్ అనేవారు. సైన్యంలో వంటవాడిగా ఇరవై ఏళ్ళు పైనే పనిచేశారు. అందులో సగం కాలం నీలగిరి కొండల్లో గడిచింది. పెన్షన్ మీద సొంత ఊరికి వచ్చి, తండ్రి వదిలిన రెండు గదుల ఇంట్లో భార్య నూర్జహాన్ బీతో ఉండేవారు. పిల్లలు లేరు. పొడుగ్గా, బక్కపలచగా ఉండేవారు. మసీదుకు వెళ్ళేటప్పుడు తెల్లలుంగీ, టోపీ. పెరట్లోకి దిగితే మాత్రం మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు. ఆ నిక్కరు చూసి ఊళ్ళో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. ఆయనకు అదేమీ పట్టేది కాదు.

నేను ఆ ఊరి బడికి టీచరుగా వెళ్ళింది తొంభై తొమ్మిది జూన్‌లో. అదే నా మొదటి ఉద్యోగం. మాది మంగళగిరి. నాన్న చీరలు నేసేవాడు. మగ్గం గుంట పక్కన పెరిగినదాన్ని కనుక నూలు తెలుసు గానీ పత్తిమొక్కను దగ్గరగా చూసింది ఆ ఊళ్ళోనే. నాన్న మంచివాడే, కానీ పనిలో తప్పు జరిగితే మనిషి మారిపోయేవాడు. ఒక పోగు తెగితే మగ్గం ఆపి, ఎవరు తెంపారో తేలేదాకా అరిచేవాడు. అందుకని నాకు చిన్నప్పుడే ఒక అలవాటు పట్టుకుంది. ఏదైనా చెడగొడితే నోరు విప్పకుండా పక్కకు జరిగిపోవడం. ఉద్యోగం వచ్చినా ఆ అలవాటు పోలేదు.

రామకోటయ్య గారనే పత్తి రైతు ఇంటి వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. నా గది పక్కనే ఆయన గొడ్లకొట్టం. గోడ అవతల మస్తాన్ గారి పెరడు. నల్లరేగడి నేల అది. వేసవిలో చెయ్యి పట్టేంత వెడల్పున బీటలు తీస్తుంది. వాన పడితే చెప్పులు పట్టుకుని వదలదు. ఎటు చూసినా పత్తి, కాదంటే మిరప. ఆగస్టు నుంచి ఊరంతా పురుగుమందు వాసన వేసేది. అన్నం తింటున్నా అదే, నిద్ర లేచినా అదే. కొన్నాళ్ళకు ముక్కు అలవాటు పడిపోయింది.

ఆ నేలలో మస్తాన్ గారు ఒకే ఒక మడి పెట్టుకుని నెలల తరబడి దానితోనే కుస్తీ పట్టేవారు. వాగునుంచి ఇసుక మోసుకొచ్చి కలిపేవారు. మట్టిని జల్లెడ పట్టి, గులకరాయి కనపడితే ఏరి పారేసేవారు. రెండేళ్ళు మాగిన పశువుల ఎరువును చేత్తో నలిపి పొడి చేసి వేసేవారు. మడి చుట్టూ ఇటుకలు పేర్చి నేలకు అడుగు ఎత్తున లేపారు. ఇంత చేసీ విత్తనం వెయ్యరు. జూన్ పోయింది, జులై పోయింది, ఆగస్టు కూడా పోయింది. ఒకరోజు బడినుంచి వచ్చి ఆపుకోలేక అడిగేశాను.

"బాబాయి గారూ, మూడు నెలల నుంచి చూస్తున్నాను. తవ్వుతారు, జల్లిస్తారు, మళ్ళీ తవ్వుతారు. విత్తనం మాత్రం వెయ్యరేంటండీ?"

"ఇంకా టైము కాలేదు టీచరమ్మా."

"దేనికి?"

"క్యారెట్‌కి."

నాకు నవ్వు వచ్చింది. "ఇక్కడ క్యారెట్టా? ఈ మట్టిలోనా?"

"నువ్వూ నవ్వావా?" అన్నారు తల ఎత్తకుండానే. "సరే, రామకోటయ్య నాలుగేళ్ళ నుంచి నవ్వుతున్నాడు. పోయి ఆయన పక్కన నిలబడు."

వసారాలో నులకమంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న నూర్జహాన్ పిన్ని ఆ మాట విని పకపకా నవ్వింది. ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాలు. రాళ్ళు చూసి కాదు, వేళ్ళతో తడిమి ఏరేది. "మొదటి ఏడు తమరేం చేశారో అది చెప్పండి ఆ పిల్లకి" అంది.

ఆయన ఏమీ దాచుకోకుండా చెప్పారు. కొండల్లో తొలకరితో క్యారెట్ వేస్తారని, ఇక్కడికి వచ్చిన ఏడాది జూన్‌లోనే వేశారట. వడగాడ్పు ఇంకా తగ్గలేదు. ఒక్క గింజా మొలవలేదు. రెండో ఏడు ఆగస్టులో వేస్తే వానకు నీళ్ళు నిలిచి గింజలు కొట్టుకుపోయాయి. మూడో ఏడు చలి ముదిరాక వేద్దామని డిసెంబరు ఆఖరుదాకా ఆగారు. మొక్క బాగానే వచ్చింది. దుంప ఊరే వేళకు మార్చి ఎండలు దిగాయి. తోకల్లాంటివి, పీచుపీచుగా, పాలిపోయినవి వచ్చాయి.

"మూడేళ్ళు ఆ కొండల కాలెండర్ పట్టుకుని ఇక్కడ విత్తానమ్మా" అన్నారు. "నేలది తప్పనుకున్నా, విత్తనాల కొట్టువాడిది తప్పనుకున్నా. తప్పు నాదని తెలిసేతలికి మూడేళ్ళు పట్టింది. మనకి దసరా దాటి వానలు జోరు తగ్గాక వెయ్యాలి. అక్టోబరు పది నుంచి నవంబరు సగం దాకా. పగలు ఎండ కాసినా రాత్రికి నేల చల్లబడాలి. అప్పుడు సంక్రాంతి అటూఇటుగా దుంప చేతికొస్తది."

ఒక పెద్దమనిషి తన తప్పును అంత మామూలుగా, అంత గట్టిగా, ఇరుగుపొరుగు వినేలా చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. నాకు ఆయన మీద గౌరవం కలిగిందని ఇప్పుడు రాయడం తేలిక. నిజానికి ఆ రోజు నాకు ఆశ్చర్యమే, కొంచెం సిగ్గు కూడా.

ఆ ఏడు రంజాన్ పండగ జనవరి రెండో వారంలో వస్తుందని లెక్కగట్టారు. "వెనక్కి తొంభై రోజులు లెక్కెయ్ టీచరమ్మా" అంటే గోడ మీది కాలెండరులో వేలు పెట్టి లెక్కేశాను. సరిగ్గా అక్టోబరు రెండో వారానికి వచ్చింది. పండగనాటికి పిన్ని క్యారెట్ హల్వా చెయ్యాలి. కొండల్లో ఉన్నన్నాళ్ళూ ప్రతి పండక్కీ చేసేదట. దాని వెనక ఇంకో సంగతి కూడా ఉంది. డిసెంబరు ఆఖర్లో గుంటూరులో ఆమె కుడికంటికి ఆపరేషన్ చేస్తామన్నారు. "కట్టు విప్పినాక నిండుగా రంగున్నదేదన్నా చూడాలమ్మాయ్. ఐదేళ్ళయింది, నాకు అంతా పొగమంచే" అనేది.

విత్తే రోజు నన్ను గోడ అవతలికి పిలిచారు. నువ్వులకంటే చిన్న గింజలు. వాటిని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి, జానెడు ఎడంగా గీసిన గీతల్లో చల్లాం. పైన మట్టి గోరు మందాన మాత్రమే. దాని మీద తడిపిన గోనెపట్ట. "నారు పోసి నాటేది కాదిది. పడ్డచోటే పెరగాలి. కదిపితే దుంప వంకర పోద్ది" అన్నారు. పూటపూటకూ గోనె మీద నీళ్ళు చిలకరించడం నా పని. ఐదు రోజులు చూశాను. ఆరో రోజు ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు గోనె ఎత్తి, పుల్లతో ఒకచోట మట్టి గీకి చూశాను. ఏమీ లేదు. సాయంత్రం ఆయన ఆ చోటు చూశారు.

"ఇక్కడెవరో కెలికారే."

"కోడి అయ్యుంటుందండీ" అన్నాను.

ఆయన నా వంక ఒక్కసారి చూసి, "అయ్యుంటది" అని, వేళ్ళతో మట్టి సర్దారు. పదకొండో రోజున తెల్లటి మొనలు లేచాయి. గోనె తీసేశాం. నేను గీకిన చోట రెండంగుళాల మేర ఏమీ మొలవలేదు.

మొక్కలు వేలెత్తు అయ్యాక పలచన చెయ్యాలన్నారు. మూడు వేళ్ళ ఎడం వదిలి మధ్యవి పీకెయ్యాలి. ఆరోగ్యంగా ఉన్న మొక్కను పీకడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన తొందరపెట్టలేదు. పీకిన వాటిని పారెయ్యకుండా పప్పులో వెయ్యమని పిన్నికి ఇచ్చారు. డిసెంబరుకు దుంపల తలలు మట్టి పైకి కనపడ్డాయి. ఎండ తగిలితే ఆ తలలు పచ్చబడి చేదెక్కుతాయని రోజూ కాస్త మట్టి ఎగదోసేవారు. రామకోటయ్య గారు కూడా గోడ మీద చేతులు పెట్టుకుని చూసి, "ఏందో సాయిబూ, ఈసారి నిజంగానే పండిచ్చేటట్టున్నావే" అనడం మొదలుపెట్టారు.

రంజాన్ నెల సగం గడిచాక వాళ్ళిద్దరూ గుంటూరు వెళ్ళారు. వారం రోజులు. ఉపవాసాల మధ్యలో ఆపరేషన్ అని పిన్ని బాధపడింది గానీ డాక్టర్లు ఇచ్చిన తేదీ అది. మడిని నాకు అప్పగించారు. నీళ్ళు పొయ్యడానికి ఒక పాత పాలపొడి డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి ఇచ్చారు. వాళ్ళు వెళ్ళిన మూడో రోజున ఆ డబ్బా అడుగు ఊడిపోయింది. బడికి టైమవుతోంది. కొట్టంలో మూలన ఐదు లీటర్ల ఆకుపచ్చ క్యాను కనపడింది. మూత తీస్తే వాసన వచ్చింది. వాసన రాలేదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేను. ఒకసారి నీళ్ళు పోసి తొలిపి, ఆ నీళ్ళు పారబోసి, చాల్లే అనుకున్నాను. అలా మూడు పొద్దులు ఆ క్యానుతోనే పోశాను.

మూడో పొద్దున క్యాను తీసుకెళ్ళి కొట్టంలో పెడుతుంటే రామకోటయ్య గారు చూశారు.

"టీచరమ్మా, ఆ డబ్బాతో నీళ్ళూ గీళ్ళూ పట్టుకునేవు. పట్టబాక. నిరుడు పత్తికి కొట్టిన మందు అది. అడుగున ఇంకా గడ్డకట్టి ఉంటది."

"లేదండీ, ఊరికే చూశాను" అన్నాను. ఆయన చేలోకి వెళ్ళిపోయారు.

గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. చేతులు సబ్బుతో ఎన్నిసార్లు కడిగానో. మర్నాడు మడి దగ్గరికి వెళ్ళాను. ఆకులు పచ్చగా, నిటారుగా ఉన్నాయి. ఏమీ జరగలేదనిపించేలా ఉన్నాయి. నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మందు దుంపలోకి దిగిందో లేదో నాకేం తెలుసు, దిగకపోయినా దిగకపోవచ్చు, వండితే పోతుందేమో, ఇలా పొద్దస్తమానం నాలో నేను వాదించుకున్నాను. పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని.

వాళ్ళు ఒక సాయంత్రం బస్సు దిగారు. పిన్ని కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. మర్నాడు పొద్దున మస్తాన్ గారు గోడ దగ్గరికి వచ్చారు.

"అంతా బాగుందా టీచరమ్మా?"

"బాగుందండీ."

రెండో పొద్దునా వచ్చారు. అదే మాట అడిగారు. అదే జవాబు చెప్పాను. గోడ దగ్గర ఇంకా కాసేపు నిలబడ్డారు. ఆకాశం గురించో, రేడియోలో విన్న వార్త గురించో ఒక మాట అన్నారు. మూడో పొద్దున కూడా వచ్చి, అడిగి, నిలబడి, వెళ్ళిపోయారు. ఆ రోజు మధ్యాహ్నం పిన్ని కట్టు విప్పారు. సాయంత్రం నేను బడినుంచి వస్తుంటే ఆమె వసారాలోనుంచి పిలిచింది. దగ్గరకు వెళ్తే నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇంత చామనఛాయా నువ్వు! ఇంకా తెల్లటి పిల్లవనుకున్నానే" అని నవ్వింది. తర్వాత, "ఎల్లుండి దుంప తీస్తారంట. మొదటిది నీకే ఇమ్మన్నా. చిన్నపిల్లవి, కడుక్కుని పచ్చిదే తిను. రెండోదానితో నేను ఉపవాసం విడుస్తా" అంది.

మస్తాన్ గారు పెరట్లో నిమ్మచెట్టుకు పాదు చేస్తున్నారు. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి చెప్పేశాను. క్యాను, వాసన, మూడు పొద్దులు, రామకోటయ్య గారికి ఆడిన అబద్ధం, ఈ మూడు రోజులూ ఆడిన అబద్ధం. ఏడుస్తూ చెప్పానో, ఏడవకుండా చెప్పానో గుర్తులేదు. అరుపు కోసం ఎదురుచూస్తూ భుజాలు ముడుచుకుని నిలబడ్డాను. అది మాత్రం గుర్తుంది.

ఆయన పార కింద పెట్టారు.

"చేతులు కడుక్కున్నావా ఆ రోజు?"

"కడుక్కున్నానండీ."

"కళ్ళు మండటం, వాంతి, తల తిరగటం? ఏమన్నా అయిందా?"

"లేదండీ."

"సరే. కూర్చో. మంచినీళ్ళు తాగు" అన్నారు. అంతే.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఇద్దరం మడి దగ్గర కూర్చున్నాం. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టించారు. పారేసే వాటికి కూడా ఆయన పద్ధతి పద్ధతే. "ఆకు కొసన పట్టుకుంటే తెగుద్ది. మొదట్లో పట్టు. కొంచెం తిప్పు. ఇప్పుడు లాగు. వచ్చే ఏడు నువ్వే తియ్యాలి, నేర్చుకో." తల రూపాయి బిళ్ళంత అయితే తీతకు వచ్చినట్టేననీ, ముందురోజు నీళ్ళు పెడితే తేలిగ్గా వస్తాయనీ, ఇంకా పదిహేను రోజులు ఆశపడి నేలలో వదిలితే పగిలి లోపల చెక్క కడతాయనీ చెబుతూనే ఉన్నారు. ఒక్కొక్కటే బయటికి వచ్చింది. వంకర లేదు, చీలిక లేదు. నిప్పులా ఉన్నాయి. ఆయన నాలుగేళ్ళలో ఎప్పుడూ అంత మంచి పంట చూడలేదని నాకు తెలుసు. ఆయన ఆ మాట అనలేదు.

పిన్నిని మంచంతో సహా పెరటి గుమ్మం దాకా జరిపారు. ఆమెకు అంతా చెప్పారు. ఆమె దూరంగా కూర్చుని ఆ కుప్ప వైపు చూసింది. ఒక కన్ను చేత్తో మూసుకుని, కొత్త కంటితో చూసింది. "యా అల్లా, ఎంత ఎర్రగున్నాయండీ" అంది. మళ్ళీ కాసేపటికి, "కుంకుమపువ్వు వేసినట్టున్నాయి" అంది. నేను తల దించుకుని ఇంకోటి లాగాను.

సాయంత్రానికి ఊరి చివర, బావులకు దూరంగా బీడులో లోతుగా గొయ్యి తీసి అన్నీ పూడ్చాం. మడిలో మట్టిని కూడా అడుగు లోతు తీసి బండికెత్తి అక్కడే కప్పాం. నాలుగేళ్ళు జల్లెడ పట్టిన మట్టి అది. రామకోటయ్య గారే తన బండి తోలుకొచ్చారు. ఇంటికి వచ్చాక కొట్టంలో ఉన్న ఖాళీ డబ్బాలన్నీ బయటికి తెచ్చి, ఇంకెవరూ వాడకుండా గునపంతో ఒక్కొక్కదానికీ చిల్లు పొడిచారు.

పండగనాడు పిన్ని సేమ్యా వండింది. నాకు గిన్నె నిండా పంపింది.

పండగ అయిన వారానికే మస్తాన్ గారు పెరట్లో ఇంకో మూల కొత్త మడి తవ్వడం మొదలుపెట్టారు.

"టైము దాటిపోయిందిగా బాబాయి గారూ. పీచు కట్టుద్దని మీరే చెప్పారు" అన్నాను.

"కట్టుద్ది. కానీ విత్తనం మిగిలింది. దాచిపెడితే వచ్చే ఏటికి సగం మొలవదు. నీకూ చెయ్యి ఆడాల గదా, ఇసక మొయ్యి."

మార్చి చివర తీశాం. చిటికెన వేలంత ఉన్నాయి, పాలిపోయి, నములుతుంటే పీచు తగులుతూ. పిన్ని వాటితోనే హల్వా చేసింది. రంగు రాలేదు. ముగ్గురం పళ్ళాలు నాకేశాం.

ఆ తర్వాత మూడు చలికాలాలు నేను అక్కడే ఉన్నాను. మూడుసార్లూ అక్టోబరులో విత్తి జనవరిలో తీశాం, ఇరుగుపొరుగుకు పంచాం. తర్వాత నాకు కొత్తపట్నం వైపు బదిలీ అయింది. అక్కడ ఇసుక నేల. దుంప బాణంలా సాఫీగా దిగేది గానీ నీళ్ళు నిలిచేవి కావు. రెండు పూటలా తడపాల్సి వచ్చేది, ఎరువు రెట్టింపు వెయ్యాల్సి వచ్చేది. ఏటా దసరా దాటగానే ఆయన దగ్గరనుంచి కార్డు వచ్చేది. "ఈ వారం వేశాను. నువ్వు?" అని. అంతకు మించి ఒక ముక్క ఎక్కువ రాసేవారు కాదు.

రెండు వేల ఏడులో వానాకాలంలో ఆయన పోయారు. నిద్రలోనే పోయారట. కబురు ఆలస్యంగా తెలిసి నేను వెళ్ళేసరికి పది రోజులైంది. పిన్ని అదే నులకమంచం మీద కూర్చుని ఉంది. ఆపాటికి రెండో కంటికీ ఆపరేషన్ అయి, రెండు కళ్ళూ బాగానే కనపడుతున్నాయి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏవేవో పాత సంగతులు చెప్పుకుంటూ పోయింది. మాటల్లో ఆ ఏడాది పండగ సంగతి వచ్చింది. నేను ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుందన్నాను.

"ఆయనకి ముందే తెలుసమ్మాయ్" అంది.

"ఏం తెలుసు?" అన్నాను.

"గుంటూరు నుంచి వచ్చిన సాయంత్రమే మడి దగ్గరికి పోయాడు. వానపాములు పైకొచ్చి చచ్చిపడున్నాయంట. మట్టి తీసి వాసన చూశాడు. లోపలికొచ్చి నాకు చెప్పాడు, పిల్ల తెలియక ఏదో డబ్బా వాడినట్టుందే అని. నేను అడగండి అన్నా. అడగనన్నాడు. అడిగితే తలూపుద్ది, ఆ తలూపటం దానికి పనికిరాదన్నాడు. మూడు పొద్దులు గోడ కాడ నిలబడి వచ్చాడు. ఎల్లుండి దాకా చూస్తా, రాకపోతే ఎలకలు కొరికాయని చెప్పి నేనే పీకి పూడ్చేస్తా, నువ్వు మాత్రం ఆ పిల్ల దగ్గర ఈ మాట ఎత్తబాక అన్నాడు."

"మరి మీరు... మొదటి దుంప నాకిస్తానని..."

"ఆ మాట ఆయన చెప్పమనలా" అంది పిన్ని. "అది నేనే అన్నా. ఆయనకున్నంత ఓపిక నాకు లేదమ్మా." చాలాసేపు నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మూడు పొద్దుల్నీ మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. గోడకు అటువైపు నిలబడ్డ మనిషికి నా ముఖంలో అబద్ధం కనపడుతూనే ఉంది. ఆ ఏడాది కష్టమంతా కాళ్ళ దగ్గర పాడైపోయి ఉంది. ఆయన ఆకాశం గురించి మాట్లాడారు. నేను వెళ్ళి చెప్పకపోయి ఉంటే, ఎలకల మీద నేరం వేసి, నన్ను ఎప్పటిలాగే టీచరమ్మా అని పిలుస్తూ బతికేవారు. నాకు తెలిసేది కాదు. ఆ సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది.

ఇప్పుడు నేను ఒక హైస్కూలుకు ప్రధానోపాధ్యాయురాలిని. మొన్నటి అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు, కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఒక సెక్షన్ పేపర్లు దిద్దకుండానే మార్కులు వేసి ఇచ్చింది. స్టాఫ్ రూమ్ బీరువాలో ఇంకేదో వెతుకుతుంటే ఆ కట్ట నా చేతికి తగిలింది. ఎర్రసిరా గీత ఒక్కటీ లేదు. మార్కులు తల్లిదండ్రులకు వెళ్ళేది సోమవారం. అప్పటికి బుధవారం. కట్టను ఉన్నచోటే పెట్టి తలుపు వేశాను. ఆమెను పిలిపించి నిలదియ్యడం ఐదు నిమిషాల పని. పిలిపించలేదు. రోజూ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఆగి, ఎలా ఉన్నావని అడిగి, చలి గురించి ఒక మాట అని వచ్చాను. నేను చేస్తున్నది సరైనదో కాదో నాకు తెలియదు. ఆ పిల్లల అసలు మార్కులు ఇంకా తేలలేదు. ఆమె తనంతట తాను రాకపోతే ఆదివారం కూర్చుని ఆ పేపర్లు నేనే దిద్దాలని మాత్రం అనుకున్నాను.

శనివారం బడి వదిలాక అందరూ వెళ్ళిపోయారు. ఆమె నా గది గుమ్మంలో నిలబడింది. భుజాలు ముడుచుకుని ఉంది. చేతిలో పేపర్ల కట్ట.

"మేడం, మీతో ఒక విషయం చెప్పాలి."

కూర్చోమన్నాను. గ్లాసులో మంచినీళ్ళు పోసి ముందు పెట్టాను. ఆమె చెప్పినంతసేపూ విన్నాను. తర్వాత ఇద్దరం చెరో సగం పంచుకుని దిద్దడం మొదలుపెట్టాం. నాకు ముందే తెలుసని ఆమెకు చెప్పలేదు.